గుడ్డతో కట్టి చూసిన గదులు

"మూసెయ్యి," అన్నాను నేను.

"మూయకూడదు అమ్మమ్మగారూ. మూసి మూసే ఆయన్ని ఇలా చేశాం," అంది శిరీష.

"నోరు వంకరపోయిన మనిషిని దారిన పోయేవాళ్ళందరికీ చూపిస్తావా? నీకు పుణ్యముంటుంది, ఆ వరండా వైపు పలక ఇట్లా తొయ్యి."

"ఆయనేమన్నా దొంగతనం చేశాడా, దాచిపెట్టడానికి?"

"నువ్వు పుట్టకముందు నుంచి నేను రోగులకు తెరలు కుడతా ఉండా. తెర లేదని ఏడ్చినవాళ్ళను చూశాను గానీ, ఉందని ఏడ్చినవాళ్ళను ఒక్కరిని చూళ్ళేదు."

"అయితే ఇప్పుడు చూడండి," అని మంచం వైపు చెయ్యి చూపించింది.

మంచం మీద రంగనాథం గోడ వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు. మా పేట చూలైలో పప్పుల హోల్‌సేల్ మండీ ఆయనది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడినాయి. మాట ముద్దగా వస్తుంది. ఊరి చివర షోళింగనల్లూరు దాటినాక కొత్తగా కట్టిన ఆ వైద్యశాలలో పడిపోయిన కాళ్ళూ చేతులూ మళ్ళీ ఆడేట్టు కసరత్తు చేయిస్తారు. వచ్చిన కొత్తలో బాగానే చేశాడంట. తర్వాత కసరత్తు మానేశాడు. అన్నం సగంలో వదిలేస్తున్నాడు. రేపు పొద్దున తమ్ముడు కారు తెస్తాడు, నేను ఇంటికి పోతున్నా, ఇంక ఎవరూ ఏం చెప్పొద్దు అన్నాడు. డాక్టరమ్మ ఆయన భార్య వసంతను పక్కకు పిలిచి, ఇప్పుడు మధ్యలో వదిలేసి పోతే ఆ చెయ్యి మళ్ళీ పనికొస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు అని చెప్పేసింది. వసంత ఏడుస్తా నాకు ఫోన్ చేసింది. నేను శిరీషను పిలిచాను. ఎందుకంటే ఆ గది మా ఇద్దరి చేతిపని.

ఆ తగువు ఏమైందో చెప్తాను. దానికి ముందు మా పని ఎట్లాంటిదో చెప్పాలి, లేకపోతే తగువు అర్థం కాదు. శిరీష ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, "మీరు చేసింది కాస్త రాసివ్వండి అవ్వా" అని వెంటపడినారు. నాది ఐదో క్లాసు చదువు. మాట్లాడినట్టే రాస్తాను. అక్షరం తప్పులు శిరీష దిద్దుకోవచ్చు, అర్థం మాత్రం దిద్దనివ్వను.

మూడు రెక్కల తెర

చూలైలో మా ఆయనకు చిన్న గుడ్డల కొట్టు ఉండేది. నేను వెనక గదిలో మిషన్ మీద కర్టెన్లు కుట్టేదాన్ని. దగ్గర్లో ఒక ప్రసూతి నర్సింగ్ హోమ్ వాళ్ళు తెరలు కావాలన్నారు. ఇనప చట్రానికి మూడు రెక్కలు, రెక్కకొక గుడ్డ, మంచం పక్కన నిలబెడితే చాటు. అదీ నా మొదటి ఆసుపత్రి పని.

కుట్టి ఇచ్చి ఊరుకుని ఉంటే నేను కర్టెన్ల ఆమెగానే మిగిలిపోయి ఉందును. కానీ గుడ్డ ఎట్లా ఉందో చూసొద్దామని పోయాను. ఒక చేపలమ్మే ఆమె, బిడ్డను కని రెండో రోజో ఏమో, ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని, ఇంకో చేత్తో ఆ ఇనప తెరను గరగరా నేల మీద ఈడ్చుకొస్తా ఉంది. నర్సు అరుస్తా ఉంది. ఈమె వినడం లేదు. నేను పోయి ఒక కొస పట్టుకున్నాను. "అడిగితే తరువాత తరువాత అంటారు. నా బిడ్డ ఆకలికి తరువాత ఉంటుందా?" అని అరవంలో నన్ను కసిరింది. తెరను బిడ్డకు పాలిచ్చే వైపు పెట్టుకుని, ఇంకో వైపు కిటికీ కనపడేట్టు వదులుకుంది. ఎంత ముచ్చటగా పెట్టుకుందనుకున్నారు. చిన్న ఇల్లు కట్టుకున్నట్టే.

నాకు ఆ రోజు ఇంటికొచ్చినా కాలు నిలవలేదు. ఇంతకాలం తెర అంటే గుడ్డ అనుకున్నాను. అది గోడ. రోగి తనకు కావలసినట్టు జరుపుకునే గోడ. పాత ట్రాలీ చక్రాలు ఏరి తెచ్చి కాళ్ళకు బిగించాను. పడుకున్నవాళ్ళ చేతికందే ఎత్తులో గుడ్డ పిడి కుట్టాను. కొత్తగా కొన్నది ఏమీ లేదు, అన్నీ పాత సామానే. ఆ నర్సే మళ్ళీ వచ్చి, మిగతా తెరలన్నిటికీ అట్లాగే చేసిమ్మంది.

ఈ పనికి వచ్చే పిల్లలకు ముందు ఇదే చెప్తాను. రోగి గదిలో ఏ వస్తువు చూసినా, ఇది ఎవరి చేతిలో ఉంది అని అడగండి. నర్సు చేతిలోనా, మేనేజరు చేతిలోనా, పడుకున్నవాళ్ళ చేతిలోనా. రంగు, డిజైను తర్వాత చూసుకోవచ్చు.

అంబత్తూరు షెడ్డు

శిరీష గుంటూరు పిల్ల. ఆర్కిటెక్చర్ చదివి ఈ ఊరొచ్చింది. మొదటిసారి మా కొట్టుకు వచ్చినప్పుడు కర్టెన్ల కోసమే అనుకున్నాను. లాప్‌టాప్ తెరిచి కట్టబోయే వైద్యశాల గదుల బొమ్మలు చూపించింది. ఒక్కో రోగికి ఒక్కో రకంగా మారే గదులంట. వెలుతురు కావాలన్నవాళ్ళకు వెలుతురు, చీకటి కావాలన్నవాళ్ళకు చీకటి. మనిషి కోలుకునే కొద్దీ గది కూడా మారాలంట. పడుకున్నప్పుడు ఒక గది, కూర్చున్నప్పుడు ఒక గది, నడిచేటప్పుడు ఇంకొకటి. నేను నోరు తెరుచుకుని చూస్తా ఉంటే, "ఇదంతా నిజం సైజులో గుడ్డతో కట్టగలరా అమ్మమ్మగారూ? సిమెంటుతో కట్టాక తప్పని తెలిస్తే పగలగొట్టాలి. గుడ్డయితే విప్పి మళ్ళీ కుడతాం," అంది.

ఆ ఆలోచన నాది కాదు, ఆ పిల్లదే. నాకు తట్టలేదే అని ఈర్ష్య కూడా పడ్డాను.

అంబత్తూరులో మా మరిది షెడ్డు ఒకటి పని లేకుండా పడి ఉంది. అందులో తుక్కు పైపులతో చట్రాలు నిలబెట్టి, కొట్టులో మిగిలిపోయిన గుడ్డ తానుల ముక్కలన్నీ కలిపి గోడలు కుట్టాను. ఒక గోడ సగం ఆకుపచ్చ, సగం కాఫీ రంగు. ఒక తలుపు నీలం గళ్ళు. చూడ్డానికి తిరునాళ్ళ డేరాలాగా ఉండేది. కానీ ఆ తలుపు నిజం తలుపు అంత వెడల్పు, ఆ బాత్‌రూము నిజం బాత్‌రూము అంత. గోడ పట్టుకుని జరిపితే గది పెద్దదయ్యేది. ఇంకో పక్క జరిపితే చిన్నదయ్యేది. నా వయసులో ఆడవాళ్ళు గుడికి పోతారు, నేను పొద్దున లేస్తే అంబత్తూరు బస్సు ఎప్పుడెక్కుదామా అని చూసేదాన్ని.

అసలు రోగులనే పిలిచాం. నడవలేనివాళ్ళు, చక్రాల కుర్చీవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. పడుకోండి, లేవండి, ఇది మీ గదే అనుకోండి అన్నాం. మొదట వచ్చిన ముసలాయన మంచమెక్కి, పైకప్పు చూసి, దిక్కులు చూసి, తిరగేసి పడుకున్నాడు. దిండు వైపు కాళ్ళు, కాళ్ళ వైపు తల. ఏమయ్యా అంటే, "వడక్కు తల పెట్టమంటారా నన్ను? ఇంకా కొన్నాళ్ళు ఉండాలని కదా ఆసుపత్రికి వచ్చేది," అన్నాడు. మంచం తల ఉత్తరానికి ఉందని ఎవరమూ చూసుకోలేదు. శిరీష తల పట్టుకుంది. ఆక్సిజన్ పైపు, పిలుపు గంట, లైటు స్విచ్చీ, అన్నీ తల వైపు గోడలోనే వస్తాయంట. ఆయన తిరిగి పడుకుంటే పైపు ఆయన కాళ్ళకు పెట్టాలి.

అందరం నవ్వుకున్నాం. నవ్వి, నలుగురం నాలుగు మూలలు పట్టుకుని గదిని తిప్పేశాం. నిజంగానే, గదినే తిప్పాం. ఆ ముసలాయన మంచం మీద కూర్చునే తిరిగాడు, రథం మీద ఉత్సవ విగ్రహంలాగా. ఆ సంతోషం నేను ఏం రాసినా మీకు రాదు. తర్వాత కట్టిన గదుల్లో రెండు గోడలకు పైపులూ స్విచ్చీలూ పెట్టించింది శిరీష. మంచం ఎటైనా పెట్టుకోవచ్చు. ఉత్తరం నమ్మకం తప్పా ఒప్పా అని మేం వాదించుకోలేదు. పడుకునేది ఆయన.

ఇంకొకటి కూడా ఆ షెడ్డులోనే తెలిసింది. రోగి ఒక్కరే రారు. అత్తో, అక్కో క్యారియర్ పట్టుకుని వస్తుంది, మంచం కింద చాప పరుస్తుంది. బొమ్మలో ఆ మనిషికి చోటే లేదు. మా గుడ్డ గదిలో ఒకామె చాప పరిచేసరికి తలుపు తెరుచుకోలేదు. అప్పుడు కిటికీ కింద లాగితే బయటికి వచ్చే బల్ల పెట్టాం.

మోటారు

మోటారు తెర గురించి చెప్పకపోతే ఈ ఆఫీసు పిల్లలే నవ్వుతారు. శిరీష ఒక మోటారు తెచ్చింది. పొద్దున వెలుతురు రాగానే కిటికీ తెర తనంతట తాను తెరుచుకుంటుంది. సాయంత్రం మూసుకుంటుంది, లైటు మెల్లగా పసుపుగా మారుతుంది. నేను చిన్నపిల్లలాగా స్విచ్చీ నొక్కి నొక్కి చూశాను. కరెంటు దండగ అని నన్ను నేనే తిట్టుకుని మళ్ళీ నొక్కాను. ఇంతకంటే గొప్పది లోకంలో లేదనుకున్నాం ఇద్దరమూ.

సిమెంటుతో కట్టిన మొదటి గదిలో పెట్టాం. అందులో ఉన్న టీచరమ్మ, తుంటి విరిగి లేవలేని మనిషి, పొద్దున్నే ఎవరో గదిలోకి వచ్చి తెర లాగుతున్నారని హడలిపోయింది. సాయంత్రం పుస్తకం చదువుకుంటుంటే గది తనకు తానే మసకబారింది. మమ్మల్ని పిలిపించి, ఇద్దరినీ బెంచీ మీద కూర్చోబెట్టి అడిగింది. "నేను లేవలేనని నా తరఫున అదే లేస్తుందా? నాకు వద్దనిపిస్తే ఏం చెయ్యాలి, దాని కాళ్ళు పట్టుకోవాలా?"

మోటారు తీసేయలేదు. మంచం పక్కన మూడు పెద్ద బొత్తాలు పెట్టించాం. తెరువు, మూయి, ఊరికే ఉండు. టీచరమ్మ ఎక్కువగా నొక్కింది మూడోదే. గది తెలివిగా మారడం మంచిదే పిల్లల్లారా. దానికి "ఊరుకో" అని చెప్పే వీలు లేకపోతే మాత్రం అది గది కాదు, అత్తగారు.

పైవాళ్ళు

పైవాళ్ళ గురించి దాచకుండా రాయమన్నారు. ఒక ఆసుపత్రి పెద్దమనిషి ఉండేవాడు. గదులన్నీ ఒకేలాగా ఉండాలి, ఫోటోకు బాగుంటుంది అనేవాడు. రోగి మంచం జరుపుకుంటే మళ్ళీ మొదటి చోట పెట్టించేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, పండగకు స్వీట్లు పంపేవాడు. కానీ ఒక్కనాడు కూడా మా గుడ్డ గదిలో పడుకోమంటే పడుకోలేదు, షర్టు నలుగుతుందన్నాడు. పడుకుని చూడని మనిషి కింద పని చెయ్యాల్సి వస్తే, చెయ్యండి, జీతం తీసుకోండి, కానీ ఆయన మాట చెవిలో ఎక్కించుకోకండి.

ఇంకొకరు శిరీష ఆఫీసు పెద్దసారు. ఆయన వచ్చి బూట్లు విప్పి, మంచమెక్కి, బోర్లా పడుకుని, పక్కకు తిరిగి, చివరకు గురక పెట్టాడు. లేచి, "పైకప్పు చూడలేకపోతున్నాను, చాలా విసుగ్గా ఉంది, ఏదన్నా చెయ్యండి," అన్నాడు. ఆ తర్వాత పైకప్పుకు కూడా రోగికి నచ్చిన రంగు గుడ్డ పలక వేశాం. అట్లాంటి పెద్దలు దొరికితే వదలకండి.

రంగనాథం గది

ఇప్పుడు మళ్ళీ ఆ తగువు దగ్గరికి వస్తాను.

రంగనాథాన్ని చేర్చే ముందు, ఏర్పాటు ఎట్లా కావాలో చూసుకోమని వసంతను అంబత్తూరు షెడ్డుకు తీసుకుపోయాం. ఆయన అప్పటికి లేవలేడు, మాట రాదు. వసంత గోడలన్నీ తిప్పి తిప్పి చూసి, వరండా వైపు పూర్తిగా మూసేయమంది. మంచం తోట వైపు. ఎవరూ తొంగిచూడకూడదు, అలికిడి ఉండకూడదు. మా ఇళ్ళల్లో అంతే, మగవాడు పడిపోతే ఇంట్లో ఆడవాళ్ళు ఆయనకేం కావాలో తేల్చేస్తారు, ఆయన పడిపోకముందు ఏం తినాలో తేల్చినట్టే. నాకూ అదే సరి అనిపించింది. శిరీషకూ చెట్లు కనపడితే మంచిదనిపించింది. అందరం కలిసి చాలా ప్రశాంతమైన గది తయారుచేశాం.

అందుకే ఆ రోజు మధ్యాహ్నం శిరీష వచ్చీ రాగానే వరండా వైపు పలకలు తోసేసింది. నేను మూయమన్నాను. వసంత మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

"అక్కా, నువ్వన్నా చెప్పు ఈ అమ్మాయికి. రోజూ మండీ వాళ్ళు ఎవరో ఒకరు చూడ్డానికి వస్తా ఉండారు. ఈడ ఈయన్ని ఇట్లా చూసినారంటే, సాయంత్రానికి బజారంతా పాకిపోతుంది. ఇంక లెయ్యడంట అంటారు. సరుకు అప్పిచ్చేవాడు కూడా యోచన చేస్తాడు."

ఆ భయం ఉత్తది కాదు. మా వ్యాపారాల్లో మనిషి గద్దె మీద కనపడినంతకాలమే ఆ కొట్టుకు మర్యాద. నేను వసంత పక్కనే ఉన్నాను. తెర లాగుతాను అని పలక మీద చెయ్యి వేశాను కూడా.

శిరీష నాకు అడ్డం రాలేదు. మంచం అవతలికి పోయి, ఆయన మొహానికి ఎదురుగా నేల మీద చతికిలబడి కూర్చుంది. "బాబాయిగారూ, అందరినీ అడిగాం, మిమ్మల్ని అడగలేదు. మీకెలా కావాలి?"

ఆయన గోడ మీంచి చూపు దించి ఆ పిల్లను చూశాడు. తర్వాత ముద్దముద్దగా, ఒక్కో మాటా తోసుకుంటా అన్నాడు.

"కొట్టుకు... షట్టర్ దించి... లోపల నన్ను పెట్టినారు."

వసంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చెట్లు నాకేం మాట్లాడతాయి? ఎవరు పోతా ఉండారో, ఎవరు వస్తా ఉండారో... నాకు తెలియాల. చిన్నప్పటి నుంచి బజారు ఎదురుగా కూర్చున్నోణ్ణి."

"జనం చూస్తారండీ," అంది వసంత.

"నేను చూడాల," అన్నాడు. "వాళ్ళు చూసేది... తరువాత."

అప్పుడు నాకు తట్టింది. ఆయన చూడాలి, ఆయన్ని చూడకూడదు. ఈ రెండూ ఒకేసారి కావాలంటే చెయ్యగలిగే గుడ్డ ఒకటుంది. వార్డు తెరల పైభాగంలో గాలి ఆడ్డానికి వల గుడ్డ కుడతాం. లోపల మసకగా, బయట వెలుతురుగా ఉంటే, లోపలివాళ్ళకు బయట కనపడుతుంది, బయటివాళ్ళకు లోపల నీడ మాత్రమే. చెప్పగానే శిరీష ఎగిరి లేచింది. వరండాలో లైట్లు ఎప్పుడూ వెలుగుతా ఉంటాయి, గదిలో లైటు ఆయన చేతిలోనే ఉంది, కుదురుతుంది అంది. నేనొక్కదాన్నే అయితే వల కుట్టి ఊరుకుందును. వల వెనక బతకమంటే అది కూడా జైలే, పైకి చుట్టేట్టు చెయ్యాలి, ఎంత ఎత్తాలో ఆయనిష్టం అని శిరీష పట్టుబట్టింది. ఆ పిల్ల అన్నది నిజం.

శిరీష పోయి నా మిషను కారులో వేయించుకుని వచ్చింది. వసంత గుడ్డ పట్టుకుంది, నేను కుట్టాను. కట్ చేసిన ముక్కలు పారేయబోతే వద్దన్నాను, వాటితోనే వల ఎత్తే తాడుకు తొడుగు కుట్టాను. మంచం వరండాకు ఎదురుగా తిప్పాం. తాడు ఎటు పక్క పెట్టాలో అని మళ్ళీ చిన్న తగువు. కసరత్తు చేయించే అమ్మాయి ఎడమ వైపు పెట్టమంది, చెయ్యికి పని దొరుకుతుందని. రంగనాథం రెండు వైపులా పెట్టమన్నాడు. పెట్టాం.

సాయంత్రానికి అయిపోయింది. ఆయన ఎడమ చేత్తో లాగినాడని రాస్తే మీకు బాగుంటుంది. లాగింది కుడి చేత్తోనే. వల కాస్త పైకి లేచింది, మళ్ళీ దించినాడు, మళ్ళీ లేపినాడు. కాఫీ బండి తోసుకుపోతున్న మనిషిని చూసినాడు. ఉండిపొమ్మని మేమెవరమూ అడగలేదు. బ్యాగు మంచం కింద సర్ది పెట్టి ఉంది. శిరీష నన్ను కారులో దింపుతానంది, బస్సు ఉండగా కారెందుకని వచ్చేశాను. దారంతా ఆ వల గుడ్డే కళ్ళలో. ఆ ఆనందంలో దిగాల్సిన చోటు దాటిపోయాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి గేటు దగ్గర ఆయన తమ్ముడి కారు ఉంది. పైన గదిలో తమ్ముడు బ్యాగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వసంత దుప్పట్లు మడుస్తా ఉంది. వల పూర్తిగా పైకి చుట్టి ఉంది. రంగనాథం దిండుకు ఆనుకుని కూర్చుని, వంకర నోటితోనే, వరండాలో పోతున్న కాఫీ ఆయన్ని ఆపి పాలెక్కడివని అడుగుతా ఉన్నాడు.

"అన్నా, కిందికి దిగుదామా," అన్నాడు తమ్ముడు.

"నువ్వు మండీకి పో," అన్నాడు రంగనాథం. "లారీ వచ్చి ఉంటుంది."

కసరత్తు చేయించే అమ్మాయి లోపలికి వచ్చింది. ఆయన కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ చేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. వసంత మడిచిన దుప్పటి మళ్ళీ పరిచింది.